కత్తికి ముందు పథ్యం: కాస్మెటిక్ సర్జరీ క్లినిక్‌లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ముఖానికి కాస్మెటిక్ సర్జరీలు చేస్తున్న క్లినిక్‌ల నిర్వాహకులకు, ప్లాస్టిక్ సర్జన్లకు, మత్తు డాక్టర్లకు,



ముఖానికి చేసే కాస్మెటిక్ సర్జరీకి సన్నాహం కనీసం నాలుగు వారాల ముందు మొదలు కావాలి. ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు, ఏం తినాలి, ఎప్పటి నుంచి తినకూడదు అన్న నాలుగు ప్రశ్నలకు సరైన జవాబు సమయానికి అందితే రక్తస్రావం, గాయం మానకపోవడం, మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవడం వంటి ప్రమాదాలు చాలావరకు తప్పుతాయి. ఆ జవాబులు చెప్పవలసినవారు మీరే.

మీలో చాలామంది దగ్గర నడుస్తున్న పద్ధతి మాత్రం వేరు. మొదటి రోజు ముక్కు ఎలా మారుతుందో కంప్యూటర్ తెర మీద చూపిస్తారు. ప్యాకేజీ ధర చెబుతారు. అడ్వాన్స్ తీసుకుని తేదీ ఖరారు చేస్తారు. ఆహారం, మందుల సంగతి ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఫ్రంట్ ఆఫీసు నుంచి వచ్చే ఫోన్‌కు మిగిలిపోతుంది. రేపు పొద్దున ఏమీ తినకుండా రమ్మని చెప్పి పెట్టేస్తారు. వాడుతున్న మందుల వివరాలు ఇంగ్లిష్ ఫారంలో ఒక గీత మీద సర్దుకోవాలి. ఆ గీతను పూరించవలసిన బాధ్యత పేషెంటుదనీ, పూరించకపోతే తప్పు పేషెంటుదేననీ అనుకునే ధోరణిని ప్రజలు ఒప్పుకోలేరు.

ప్రమాదంలో దెబ్బతిన్న మనిషికి ఆపరేషన్ చేసే డాక్టరుకు నాలుగు వారాల గడువు దొరకదు. తిన్న కడుపుతో, వేసుకున్న మాత్రలతోనే ఆ రోగిని బల్ల ఎక్కించాలి. మీ దగ్గరికి వచ్చేవారి పరిస్థితి అది కాదు. ముక్కు సరిచేయించుకోవడానికో, కనురెప్పల మీది వదులు చర్మం తీయించుకోవడానికో, బుగ్గల కొవ్వు తగ్గించుకోవడానికో, ఫేస్‌లిఫ్ట్‌కో వాళ్ళు తమ కాళ్ళ మీద నడిచి వస్తారు. తేదీ నిర్ణయం మీ చేతిలో ఉంటుంది. నెల రోజులు ఆలస్యమైనంత మాత్రాన ఎవరికీ ప్రాణం మీదికి రాదు. తొందరకు వైద్యపరమైన కారణం ఒక్కటీ లేనప్పుడు, సన్నాహం లేకుండా కత్తి పట్టినందుకు మీరేం సమాధానం చెప్పగలరు?

ముఖానికి రక్తప్రసరణ శరీరంలోని చాలా భాగాల కన్నా ఎక్కువ. అక్కడి గాయం త్వరగా మానడానికీ, కోసినప్పుడు రక్తం ఎక్కువగా కారడానికీ కారణం అదే. ఫేస్‌లిఫ్ట్ తర్వాత తరచుగా ఎదురయ్యే చిక్కు హెమటోమా, అంటే చర్మం కింద రక్తం చేరి గడ్డకట్టడం. ఎక్కువ కేసుల్లో ఇది మొదటి 24 గంటల్లోనే బయటపడుతుంది. మగవారికి, బీపీ అదుపులో లేనివారికి వచ్చే అవకాశం మరింత ఎక్కువ. గడ్డను వెంటనే తీయకపోతే పైనున్న చర్మానికి రక్తం అందక ఆ చర్మం చచ్చిపోవచ్చు. కనురెప్పల సర్జరీలో అరుదుగానైనా కంటిగుడ్డు వెనక రక్తం చేరితే చూపు పోయే ప్రమాదముంది. పొట్ట మీది మచ్చను చీర కప్పుతుంది, చొక్కా కప్పుతుంది. ముఖం మీది మచ్చను ఏది కప్పుతుంది?

సన్నాహంలో మొదటిది పొగాకు మానడం. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానాలి, తర్వాత మరో నాలుగు వారాలు ముట్టకూడదు. నికోటిన్ చర్మంలోని సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తం మోసే ప్రాణవాయువును తగ్గిస్తుంది. ఫేస్‌లిఫ్ట్‌లో చర్మాన్ని కింది పొర నుంచి విడదీసి లాగి కుడతారు. ఆ చర్మం బతకాలంటే అంచుల్లో మిగిలిన సన్నని నాళాలే ఆధారం. పొగతాగేవారిలో అలా విడదీసిన చర్మం చచ్చిపోయే ముప్పు తాగనివారి కన్నా 12 రెట్లు ఎక్కువని థామస్ రీస్ బృందం 1984లోనే ప్రచురించింది. నలభై ఏళ్ళు దాటిన ఈ సమాచారం మీలో ఎవరికీ కొత్త కాదు. అయినా మీ ఫారంలో సిగరెట్ గురించి అడిగినంత శ్రద్ధగా చుట్ట, బీడీ, ఖైనీ, జర్దా, గుట్కా గురించి అడుగుతున్నారా? నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్ వాడేవారి రక్తంలోనూ నికోటిన్ ఉంటుందని చెబుతున్నారా?

గుట్కా, వక్కపొడి నమిలేవారి విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి వక్క నమిలితే నోటి లోపలి పొర బిగుసుకుపోయి నోరు పూర్తిగా తెరుచుకోదు. జనరల్ అనస్తీషియా ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలోకి గొట్టం వేయాల్సిన మత్తు డాక్టరుకు ఇది ముందే తెలియాలి. బల్ల మీద పడుకోబెట్టాక తెలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. నోరు తెరవమని చెప్పి, ఎన్ని వేళ్ళు పడతాయో చూడటానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మొదటి కన్సల్టేషన్‌లోనే దొరకాలి.

మద్యం కనీసం ఒకటి రెండు వారాల ముందు నుంచి మానాలి. మద్యం రక్తస్రావాన్ని పెంచుతుంది, నిద్రమాత్రలతోనూ మత్తు మందులతోనూ కలిస్తే వాటి ప్రభావాన్ని మారుస్తుంది. రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, అయోమయం, ఫిట్స్ రావచ్చు. కాబట్టి వాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో మానాలి. తాగుడు గురించి కుటుంబ సభ్యుల ముందు అడిగితే నిజం బయటికి రాదని మీకు తెలుసు. మరి ఆ ప్రశ్న అడగడానికి మీ క్లినిక్‌లో విడిగా ఒక గది, అడిగే ఒక డాక్టరు ఉన్నారా?

రెండోది రక్త పరీక్ష. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కాస్మెటిక్ సర్జరీకి వచ్చే యువతుల్లో చాలామంది ఈ వయసువారే. హిమోగ్లోబిన్ తక్కువని ఆపరేషన్ ముందురోజు తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. నాలుగు వారాల ముందు తెలిస్తే ఐరన్ మాత్రలతో, ఆహారంతో సరిచేసుకోవడం మొదలుపెట్టవచ్చు, అవసరమైతే తేదీ జరపవచ్చు. షుగర్ సంగతీ అంతే. గత రెండు మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బిఎ1సి 8 శాతం దాటి ఉంటే ముందు షుగర్‌ను అదుపులోకి తెచ్చుకోవడమే మేలు. అదుపు తప్పిన షుగర్‌తో కోసిన గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

మూడోది కంచం. గాయం మానడానికి శరీరం కొత్త కణజాలం అల్లుకోవాలి. దానికి ముడిసరుకు ప్రొటీన్. మామూలు రోజుల్లో కిలో బరువుకు ఒక గ్రాము లోపు సరిపోయే ప్రొటీన్, సర్జరీకి ముందూ తర్వాతా 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా అవసరమవుతుంది. 60 కిలోల మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాములు. మన ఇళ్ళలో పప్పుచారు, వేపుడు, పెరుగన్నంతో గడిచే రోజున ఇందులో సగం కూడా అందడం కష్టం. దానికి రెండు గుడ్లు కలిపితే 12 గ్రాములు, గట్టి పప్పు ఒక కప్పుకు సుమారు 8, ఒక గ్లాసు పాలకు 6, గుప్పెడు పల్లీలకు 7, వంద గ్రాముల చికెన్ లేదా చేపకు 20 గ్రాముల దాకా వస్తుంది. శాకాహారులు సోయా, పనీర్, శనగలు, పెసలతో భర్తీ చేసుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్ళకు ఎంత కావాలో డాక్టరే చెప్పాలి. చర్మంలో కొల్లాజెన్ తయారు కావడానికి విటమిన్ సి కావాలి. ఒక జామకాయ, నాలుగు ఉసిరికాయలు ఆ లోటు ఉంచవు.

పెళ్ళి దగ్గర పడుతోందనీ, ఫొటోల్లో సన్నగా కనబడాలనీ తిండి మానేసి, అదే నెలలో ముక్కు సర్జరీకి వచ్చే అమ్మాయిలు మీకు కొత్త కాదు. ఇటీవల బరువు బాగా తగ్గి, బుగ్గలు జారాయని ఫేస్‌లిఫ్ట్‌కు వచ్చేవారూ పెరుగుతున్నారు. శరీరం తనను తానే తినుకుంటున్న సమయంలో కొత్త గాయం పెట్టడం తగదు. అయ్యప్ప మాలలో ఏకభుక్తం ఉన్నవారు, రంజాన్ రోజాలో ఉన్నవారు, కార్తీక సోమవారాలు పాటించేవారు ఆ దీక్ష అయ్యాక రావడం మేలని మెత్తగా చెప్పవచ్చు. క్యాలెండరు చూసి తేదీ వేసే మీ సిబ్బంది, ఆ నెలలో ఏం తింటున్నారని అడుగుతున్నారా?

నాలుగోది మందులు. ఈ లేఖలో బరువంతా ఇక్కడే ఉంది. ఎందుకంటే ఇక్కడ పొరపాటు రెండు వైపులా ప్రాణాంతకం. ఆపాల్సిన మాత్ర ఆపకపోతే రక్తం ఆగదు. ఆపకూడని మాత్ర ఆపితే గుండె ఆగవచ్చు.

ఆస్పిరిన్ రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలను శాశ్వతంగా మొద్దుబారుస్తుంది. మళ్ళీ గడ్డకట్టే శక్తి రావాలంటే కొత్త ప్లేట్‌లెట్లు పుట్టాలి. వాటి ఆయువు 7 నుంచి 10 రోజులు. అందుకే ఆస్పిరిన్ ఆపాలనుకుంటే వారం నుంచి పది రోజుల ముందే ఆపాలి. క్లోపిడోగ్రెల్‌కు 5 నుంచి 7 రోజులు కావాలి. వార్ఫరిన్ వాడేవారికి 5 రోజులు, ఆపైన రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్ఆర్ పరీక్ష అవసరం. రివరాక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మందులకు కిడ్నీల పనితీరును బట్టి సాధారణంగా రెండు మూడు రోజులు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి ఆపమంటే వీటిలో ఒక్కటీ పనికిరాదని మీకు వేరే చెప్పాలా?

ఇంటి మాత్రల డబ్బాను ఒకసారి దగ్గరగా చూడాలి. యాభై ఐదేళ్ళ పెద్దాయనను రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నారా అని అడిగితే లేదంటాడు. రాత్రిపూట కొలెస్ట్రాల్ మాత్ర ఒకటే వేసుకుంటానంటాడు. ఆ స్ట్రిప్ మీద ఎకోస్ప్రిన్ ఏవీ అని ఉంటుంది. అందులో కొలెస్ట్రాల్ మందు అటార్వాస్టాటిన్‌తో పాటు ఆస్పిరిన్ ఉంది. ఎకోస్ప్రిన్ గోల్డ్ అయితే ఆ రెండింటికీ తోడు క్లోపిడోగ్రెల్ కూడా ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి మందులేవీ వాడనంటుంది. నెలసరి నొప్పికి వేసుకునే మెఫ్తాల్ స్పాస్‌ను ఆమె మందుల్లో లెక్కవేయదు. అందులోని మెఫెనమిక్ యాసిడ్, కాంబిఫ్లామ్‌లోని ఐబూప్రొఫెన్, వోవెరాన్‌లోని డైక్లోఫెనాక్ అన్నీ ప్లేట్‌లెట్ల పనికి అడ్డం పడేవే. వీటి ప్రభావం ఆస్పిరిన్ అంత కాలం ఉండదు, అయినా సాధారణంగా వారం ముందు నుంచి వద్దంటారు. నొప్పికైనా జ్వరానికైనా పారాసెటమాల్ ఒక్కటే వాడాలని ఒక్క ముక్క ముందే చెబితే, మందుల షాపులో అడిగి కొనుక్కునే తీరు మారుతుంది. ప్రశ్న ఫారంలో ఉంటే సరిపోదు. డబ్బా తెప్పించి, ప్రతి స్ట్రిప్ వెనక ఉన్న మందు పేరు డాక్టరు చదవాలి.

గుండెలో స్టెంట్ పడినవారి విషయం ఇంకా సున్నితం. మందు పూసిన స్టెంట్ వేశాక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రెండు మాత్రలూ కలిపి నెలల తరబడి వాడాలి. మధ్యలో ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. అందుకే అత్యవసరం కాని ఆపరేషన్లను కనీసం ఆరు నెలలు, గుండెపోటు వచ్చి స్టెంట్ పడితే సాధారణంగా ఏడాది వాయిదా వేయాలని గుండె వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాస్మెటిక్ సర్జరీ అత్యవసరం కానిదాని కన్నా ఇంకో మెట్టు కింద ఉంటుంది. అలాంటప్పుడు ఈ మాత్రలు ఆపమని క్లినిక్ నుంచి వాట్సాప్ సందేశం పోవడం ఎంత ప్రమాదం! ఆపాలో వద్దో గుండె డాక్టరు రాతపూర్వకంగా చెప్పాలి. ఆయన వద్దంటే ఆపరేషన్ మానుకోవాలి.

మూలికల మందుల గురించి ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ చెప్పరు. వెల్లుల్లి, అల్లం, పసుపు కూరలో వేసుకోవడం వల్ల హాని లేదు. వాటి సారాన్ని గుళికల్లో పట్టించి రోజూ మింగడం వేరు. వెల్లుల్లి గుళికలు, కర్క్యుమిన్, చేపనూనె, ఎక్కువ మోతాదు విటమిన్ ఇ, జింకో బైలోబా రక్తస్రావాన్ని పెంచవచ్చన్న అనుమానంతో రెండు వారాల ముందు ఆపమంటారు. అశ్వగంధ మగత కలిగించవచ్చు, థైరాయిడ్ స్థాయులను మార్చవచ్చు. కీళ్ళనొప్పులకూ ఉబ్బసానికీ లేబుల్ లేకుండా దొరికే పొడుల్లో స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు మన దేశంలో చాలా ఉన్నాయి. నెలల తరబడి తెలియకుండా స్టెరాయిడ్ వేసుకున్నవారు ఒక్కసారిగా ఆపితే ఆపరేషన్ వేళ బీపీ పడిపోవచ్చు. లేహ్యం, చూర్ణం, కషాయం, హోమియో, నాటు మందు అని పేరుపేరునా అడిగితేనే జవాబు వస్తుంది.

ముఖం కోసం వాడే మందులు కూడా లెక్కలోకి రావాలి. మంగు మచ్చలకు చాలామంది ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు వాడుతున్నారు. ఇది రక్తం గడ్డను నిలబెట్టే మందు. గర్భనిరోధక మాత్రలతో కలిస్తే కాళ్ళ సిరల్లో గడ్డలు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి, సుదీర్ఘ విమానయానం తర్వాత వారంలోపే బల్ల ఎక్కే తెలుగు మహిళకు ఈ ముప్పు మరీ ఎక్కువ. విమానం ఎక్కక ముందే వీడియో కాల్‌లో ఆమె మందుల జాబితా చూడటం మీకు కష్టమా? తెల్లబడాలని స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఏళ్ళ తరబడి రాసుకున్నవారి చర్మం పల్చబడి, గాయం నెమ్మదిగా మానుతుంది. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ విషయంలో సర్జన్ల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి. అందుకే వాడుతున్నట్టు తెలియడం మరీ ముఖ్యం.

షుగర్ మందుల్లో రెండు రకాలకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. మొదటివి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి. పేటెంట్ గడువు తీరాక వీటి ధర బాగా తగ్గింది, వాడకం పెరిగింది. ఇవి వేసుకుంటూ పస్తుంటే, రక్తంలో షుగర్ మామూలుగా కనబడుతూనే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. గ్లూకోమీటరులో అంకె బాగుందని ఎవరూ అనుమానించరు. ఈ మందులను ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో లేబుల్ మార్పించింది. మెట్‌ఫార్మిన్‌తో కలిపిన మాత్రల్లో కూడా ఇవి ఉంటాయి. రెండో రకం సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్. టిర్జెపటైడ్ ఉన్న మౌంజారో 2025 మార్చిలో, సెమాగ్లుటైడ్ ఉన్న వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చాయి. వీటితో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఎనిమిది గంటలు పస్తున్నా కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు. వారానికొకసారి తీసుకునే ఇంజక్షన్‌ను వారం ముందు ఆపాలని అమెరికా మత్తు వైద్యుల సంఘం 2023లో సూచించింది. 2024లో పలు సంఘాలు కలిసి ఆ సూచనను సవరించాయి. చాలామంది కొనసాగించవచ్చనీ, మోతాదు పెంచుతున్న దశలో ఉన్నవారూ వాంతులు, కడుపు ఉబ్బరం ఉన్నవారూ ముందురోజంతా ద్రవాహారం మాత్రమే తీసుకోవాలనీ చెప్పాయి. అంటే ప్రతి మనిషికీ విడిగా నిర్ణయం కావాలి. బరువు తగ్గే ఇంజక్షన్ తీసుకున్న సంగతి సిగ్గుపడి దాచే అవకాశం ఎక్కువ. అడగకపోతే ఆ నిర్ణయం తీసుకునేదెవరు?

ఆపకూడని మందులు కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ఏమీ తినొద్దు అన్న మాట విని మాత్రలూ మానేసేవారు ఎందరో. థైరాయిడ్ మాత్ర, ఫిట్స్ మాత్రలు, డాక్టరు రాసిన స్టెరాయిడ్, ఆస్తమా ఇన్‌హేలర్ ఆ ఉదయం కూడా వాడాలి. మాత్రలను ఒక గుక్క నీళ్ళతో వేసుకోవచ్చు. బీపీ మందుల్లో అమ్లోడిపిన్, మెటోప్రొలోల్ వంటివి కొనసాగించాలి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ రకాలు జనరల్ అనస్తీషియాలో బీపీని మరీ దించేస్తాయి కాబట్టి కొందరికి ఆ ఉదయం మానమంటారు. ఫేస్‌లిఫ్ట్‌లో బీపీ పెరిగినా ప్రమాదమే కాబట్టి ఈ తీర్పు మత్తు డాక్టరుదే. మైగ్రేన్‌కో, గుండెదడకో ప్రొప్రనొలోల్ వాడేవారికి, ముఖంలో ఇచ్చే మత్తు ఇంజక్షన్‌లోని అడ్రినలిన్‌తో బీపీ అమాంతం పెరిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఆందోళనకు, డిప్రెషన్‌కు వాడే మందులను సొంతంగా ఒక్కసారిగా ఆపరాదు. ఈ చివరి రకం మందుల గురించి గోప్యంగా అడిగే మర్యాద మీరు చూపాలి.

ఇక పస్తు. సుశ్రుత సంహితలో సూత్రస్థానం ఐదో అధ్యాయం నోటి రోగాలకు చేసే శస్త్రకర్మను రోగి భోజనం చేయకుండా ఉన్నప్పుడే చేయాలని చెప్పింది. 1946లో కర్టిస్ మెండెల్‌సన్, ప్రసవ సమయంలో మత్తు ఇచ్చిన స్త్రీల్లో కడుపులోని ఆమ్లం ఊపిరితిత్తుల్లోకి పోవడం వల్ల కలిగే హానిని వివరించాడు. అప్పటి నుంచి పెరిగిన అవగాహనతో నేటి నియమం స్థిరపడింది. వేపుళ్ళు, మాంసం, నూనె ఎక్కువున్న భోజనానికి 8 గంటలు, తేలికపాటి తిండికీ పాలకూ 6 గంటలు, తేటగా ఉండే ద్రవాలకు 2 గంటలు. మన తిండిలోకి తెస్తే బిర్యానీ, పూరీ, నూనె పోసి కాల్చిన దోసె మొదటి తరగతి. నూనె లేని ఇడ్లీ రెండోది. మంచినీళ్ళు, గుజ్జు లేకుండా వడగట్టిన పళ్ళరసం, పాలు కలపని టీ మూడోది. పాలు పోసిన టీ, మజ్జిగ, రాగి జావ తేట ద్రవాలు కావు, వాటికి ఆరు గంటలు. ఈ తేడా చెప్పకపోవడం వల్ల ఒకరు పొద్దున్నే టీ తాగి వస్తారు, ఇంకొకరు రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు లేకుండా డస్సిపోతారు. రెండూ తప్పే. షుగర్ ఉన్నవారి ఆపరేషన్‌ను ఉదయం మొదటి కేసుగా పెట్టుకోవడం మీకు పెద్ద పని కాదు.

ఆపరేషన్ తర్వాతి తిండిని కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. బుగ్గల కొవ్వు తీసినా, గడ్డానికి ఇంప్లాంట్ పెట్టినా కొన్ని రోజులు గట్టిగా నమలడం కుదరదు. ముక్కులో ప్యాకింగ్ ఉంటే నోటితోనే ఊపిరి తీసుకోవాలి కాబట్టి మింగడం కష్టమవుతుంది. గోరువెచ్చని పెసర కట్టు, మెత్తని పప్పన్నం, చల్లారిన రాగి జావ, పెరుగు, బాగా ఉడికిన గుడ్డు ఈ రోజులకు పనికొస్తాయి. ఆవకాయ, ఊరగాయలు, వడియాలు, చిప్స్ పక్కన పెడితే ఉప్పు తగ్గి ముఖంలో వాపు త్వరగా దిగుతుంది. నొప్పి మాత్రలతో మలబద్ధకం వచ్చి ముక్కుతూ ఒత్తిడి పెడితే బీపీ పెరుగుతుంది. నీళ్ళు, పీచు ఉన్న ఆహారం అందుకే కావాలి. ఈ జాబితా ముందే ఇస్తే ఇంట్లో వంట చేసేవారు సరుకులు తెచ్చుకుంటారు.

ఇవన్నీ మంచితనంతో చేసే అదనపు సేవ అనుకోవద్దు. సమీరా కోహ్లి కేసులో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు, తగిన సమాచారం ఇచ్చాక తీసుకున్న అంగీకారమే చెల్లుబాటు అవుతుందని స్పష్టం చేసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం, రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలంటోంది. ఆస్పిరిన్ సంగతి తెలియకుండా ఇంగ్లిష్ ఫారం చివర పెట్టిన సంతకం దేనికి అంగీకారం? తిరిగి ఇవ్వని అడ్వాన్స్ కట్టిన మనిషి, ఆపరేషన్ వాయిదా పడుతుందన్న భయంతో ముందురోజు తాగిన సిగరెట్‌నూ వేసుకున్న మాత్రనూ దాచిపెడితే, ఆ దాపరికానికి సగం కారణం మీ రసీదు పుస్తకం కాదా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చేది ఈ పద్ధతే.

కాబట్టి ప్రజల పక్షాన మీ ముందు ఉంచుతున్న కోరికలు ఇవి. మొదటి కన్సల్టేషన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య కనీసం నాలుగు వారాల వ్యవధి ఉండాలి. మాత్రల డబ్బా తెప్పించి, డాక్టరే ప్రతి మందునూ చూసి, ఏది ఏ తేదీన ఆపాలో, ఏది ఆపకూడదో తెలుగులో రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఆ కాగితం ఒక ప్రతి పేషెంటు ఇంట్లో వంట చూసుకునేవారికి కూడా అందాలి. గుండె, షుగర్, కిడ్నీ జబ్బులున్నవారికి సంబంధిత డాక్టరు రాతపూర్వక అభిప్రాయం లేకుండా తేదీ ఇవ్వకూడదు. మత్తు డాక్టరు పేషెంటును ఆపరేషన్ రోజు కన్నా ముందే చూడాలి. వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి ఫోన్ చేసే బాధ్యత నర్సుకో డాక్టరుకో ఉండాలి. ఆరోగ్య కారణంతో వాయిదా వేసుకున్నవారి అడ్వాన్స్‌లో ఒక్క రూపాయి కోయకూడదు.

రెండు రాష్ట్రాల వైద్య మండళ్ళూ, క్లినిక్‌లను రిజిస్టర్ చేసే జిల్లా వైద్యాధికారులూ తనిఖీకి వచ్చినప్పుడు ఆపరేషన్ థియేటర్‌తో పాటు ఈ తెలుగు కాగితాన్ని కూడా అడిగి చూడాలి. అది లేని క్లినిక్‌కు ముఖం మీద కత్తి పెట్టే అనుమతి కొనసాగకూడదు.

ఇట్లు,
మీ చేతుల్లో తమ ముఖాలను పెడుతున్న ప్రజల తరఫున